మే నెలలో విశాఖపట్నం: ఏ పూట ఎక్కడ తినాలి, ఏం అడగాలి

మే రెండో వారంలో మూడు రోజులు విశాఖ వస్తున్నామని, ఆర్కే బీచ్ దగ్గర గది తీసుకున్నామని రాశారు. అమ్మగారు, నాన్నగారు శాకాహారులు. మీ ఇద్దరికీ, పదేళ్ళ బాబుకీ సముద్రం చేపలు కావాలి. సముద్రం కనిపించే మంచి హోటల్ ఒక్కటి చెప్పమన్నారు. ఒక్కటే చెప్పి ఊరుకుంటే మిమ్మల్ని తప్పుదారి పట్టించినట్టే అవుతుంది. ఈ ఊళ్ళో పొద్దున టిఫిన్ బాగుండే చోట మధ్యాహ్నం భోజనం సాదాగా ఉంటుంది. మధ్యాహ్నం చేప బాగున్న చోట రాత్రి పదింటికి వచ్చేది ఆ మధ్యాహ్నం మిగిలిన ముక్కే. అందుకని పూటని బట్టి చోటు మార్చుకోవాలి. దానికంటే ముందు మీరు వచ్చే నెల సంగతి చూద్దాం, చేపల విషయంలో అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు, మోటారు పెట్టిన పడవలు సముద్రంలోకి పోకూడదు. మోటారు లేని చిన్న తెప్పలకి మాత్రం సడలింపు ఉంటుంది. మీరు వచ్చే రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ లంగరేసి ఉంటాయి. హోటల్ మెనూలో మాత్రం వంజరం, చందువ ఎప్పటిలాగే ఉంటాయి. మరి ఆ చేప ఎక్కడిది? ఒకటి, నిషేధానికి ముందే పట్టి కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టించింది. రెండు, పడమటి తీరం నుంచి ఐసు పెట్టెల్లో వచ్చింది. అటువైపు నిషేధం జూన్ 1న మొదలై జులై 31న ముగుస్తుంది కాబట్టి మే అంతా అక్కడ వేట నడుస్తూనే ఉంటుంది. ఈ రెండూ తినకూడనివేమీ కావు. తాజా వంజరం రేటు పెట్టి గడ్డకట్టిన వంజరం తినడం మాత్రం దండగ. ఆ డబ్బుకి ఈ నెలలో నిజంగా బాగుండేవి వేరే ఉన్నాయి.

మొదటిది పండుగప్ప. చెరువుల్లో పెంచుతారు కనుక నిషేధంతో పని లేదు. మాంసం గట్టిగా ఉంటుంది, ముళ్ళు తక్కువ, బాబుకి భయం లేకుండా పెట్టొచ్చు. రెండోది రొయ్య. వెనామీ రొయ్య కూడా చెరువుదే, ఏడాది పొడుగునా తాజాగా వస్తుంది. రొయ్యల్ని కౌంటు లెక్కన అమ్ముతారు. 30 కౌంటు అంటే కిలోకి 30 రొయ్యలు. మెనూలో టైగర్ రొయ్య అని రాసి వెనామీ వడ్డించడం మామూలే, కాబట్టి పేరు పట్టించుకోకుండా కౌంటు అడగండి. కౌంటు సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దదవుతుంది. మూడోది మండ పీత. ఇది ఉప్పుటేరులు, మడ అడవుల దగ్గర దొరుకుతుంది, చెరువుల్లోనూ పెంచుతారు. నాలుగోది తెప్పల వాళ్ళు ఒడ్డు దగ్గర వేసిన వలలో పడే చిన్న చేప: కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు (మాకెరెల్). వీటికి పెద్ద హోటళ్ళలో గౌరవం తక్కువ. మే నెలలో సిసలైన సముద్రపు రుచి మాత్రం వీటిలోనే ఉంటుంది. పైగా అది పచ్చి మామిడికాయల కాలం. నెత్తళ్ళు మామిడికాయ, మామిడికాయ వేసిన చేపల పులుసు ఉన్నాయేమో ప్రతిచోటా అడగండి. మెనూలో రాయరు, అడిగిన వాళ్ళకి తెచ్చిపెడతారు.

పులస ఉందని ఎవరైనా అంటే మాత్రం వద్దని లేచి వచ్చేయండి. పులస వరద కాలంలో, జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో సముద్రంలోంచి గోదావరికి ఎదురీదే చేప. మేలో పులస ఉండదు. ఆ పేరుతో పెట్టేది ఒడిశా నుంచి వచ్చే ఇలసో, నిరుటి ఫ్రీజర్ సరుకో అయి ఉంటుంది.

ఇక చేప ఎక్కడ తినాలన్నది. ఆర్కే బీచ్ నుంచి ఉత్తరానికి బీచ్ రోడ్డు పట్టుకుని వెళ్తే లాసన్స్ బే దగ్గర కామత్ వస్తుంది. పేరు చూసి ఉడిపి హోటల్ అనుకుని చాలామంది దాటిపోతారు. అక్కడికి జనం వెళ్ళేది చేపలు, రొయ్యల కోసం. ఇంకా ముందుకి, ఋషికొండ వైపు పోయే దారిలో సీ ఇన్ ఉంది. ఊళ్ళో వాళ్ళు రాజుగారి ధాబా అంటారు. ఇంటి పద్ధతిలో చేసే రొయ్యలు, పీతలు, చేపల పులుసు తినాలంటే చాలామంది ముందు చెప్పే పేరు ఇదే. ఒక జాగ్రత్త: 'రాజుగారి' అన్న మాట ఉన్న బోర్డులు ఊళ్ళో చాలా ఉన్నాయి. ఆటోవాడికి ఉత్త పేరు చెప్పకుండా సీ ఇన్ అని, ఋషికొండ రోడ్డని చెప్పండి. రెండు చోట్లకీ బయలుదేరే ముందు ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో, ఆ రోజు ఏ చేప దిగిందో కనుక్కోండి. 'ఏమేం ఉన్నాయండీ' అంటే మెనూ అంతా చదివేస్తారు. 'ఇవాళ ఏం వచ్చిందండీ' అని అడగాలి.

ఇంకా తీరిక ఉంటే భీమిలి రోడ్డులో తొట్లకొండ దిగువన ఉన్న మంగమారిపేట దాకా పోవచ్చు. జాలర్ల ఊరు. రోడ్డు పక్క పాకల్లో చేపకి మసాలా పట్టించి ముందు పేర్చి ఉంచుతారు, మీరు చూపించింది వేయించి ఇస్తారు. కూర్చోడానికి ప్లాస్టిక్ కుర్చీ, ఆకులో ముక్క, పక్కన ఉల్లిపాయ, నిమ్మచెక్క, అంతే. ఇక్కడ చూసుకోవాల్సింది ఒకటే, ఆ పళ్ళెం ఎండలో ఉందా, ఐసు మీద ఉందా అని. మసాలా పట్టించాక చేప తాజాదో కాదో కంటికి తెలియదు, ఎర్రరంగు అన్నిటినీ కప్పేస్తుంది. కాబట్టి మసాలా పట్టించని చేపని చూపించమని, మీ ముందే కోసి పట్టించమని అడగండి. కాదనరు, ఓ పావుగంట ఎక్కువ పడుతుంది.

చూపించినప్పుడు ఏం చూడాలంటే, కన్ను ఉబ్బుగా, నల్లగా మెరుస్తూ ఉండాలి. లోపలికి గుంట పడి, పాల మీగడ రంగుకి తిరిగితే పాత సరుకు. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి, గోధుమ రంగుకి దిగకూడదు. పొట్ట మీద వేలితో నొక్కి వదిలితే పల్లం వెంటనే పూడాలి. రొయ్యకైతే తల దగ్గర నల్లబారిందా, తల వదులుగా ఊగుతోందా చూడాలి. పీతని రెండు చేతుల్లోకీ రెండు తీసుకుని బరువు పోల్చండి, ఒకే సైజులో ఏది బరువైతే దానిలో కండ ఎక్కువ. డొప్ప మెత్తగా ఉంటే కొత్తగా పొర విడిచిన పీత, లోపల నీళ్ళే ఉంటాయి.

కానాగంతలు, సూరలు (ట్యూనా) ఎండలో ఉన్నవైతే ఎంత చవకైనా ముట్టుకోవద్దు. ఈ జాతి చేపల్లో వేడికి హిస్టమిన్ అనేది పుడుతుంది. వేయించినా, ఉడికించినా అది పోదు. తింటుంటే నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది, కాసేపటికి మొహం ఎర్రబడి, ఒళ్ళంతా దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఆ చురుకు తగలగానే ఉమ్మేయాలి. బాబుకి ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

మెనూలో అపోలో ఫిష్ ఆర్డర్ చెయ్యొద్దని నా గట్టి సలహా. సముద్రం ఎదురుగా కూర్చుని గడ్డకట్టిన బాసా అనే పెంపకం చేప ముక్కలు తినడానికి ఇంత దూరం రానక్కర్లేదు. ముల్లు లేదని పిల్లల కోసం అడుగుతుంటారు. దాని బదులు పండుగప్ప ముక్క అడగండి, గడ్డకట్టించింది కాదని తేలితే వంజరమైనా సరే, దానికి మధ్యలో ఒకే ముల్లు ఉంటుంది, పిల్లలకి తీసిపెట్టడం సులువు. మన జాలర్లు వంజరాన్నే కోనెం అంటారు. ముక్క రానీ, వేలితో విడదీసి చూడండి. తాజా చేపైతే రేకలు రేకలుగా విడివడి లోపల తడి మెరుపుంటుంది. ఎక్కువ రోజులు ఫ్రీజర్‌లో ఉన్నదైతే పీచు పీచుగా, గడ్డి నమిలినట్టు ఉంటుంది. బాసా అయితే ఒత్తగానే నీరు ఊరుతుంది.

వేపుడు, ఇగురు, పులుసు మూడింట్లో ఏది తీసుకోవాలని అడుగుతారు. చేపని బట్టి ఉంటుంది. నెత్తళ్ళు, చిన్న కానాగంతలు వేపుడుకి, రొయ్యలు, పీతలు ఇగురుకి, పండుగప్ప, కోనెం పులుసుకి. పాలసొర దొరికితే సొరపుట్టు. ఉడికించి, పొడిపొడిగా విదిపి, ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేసి వేయించేది. బాలింతలకి పెట్టే వంట, ముల్లు ఉండదు, పిల్లలకీ పనికొస్తుంది. కాకపోతే సొర పాతబడితే అమ్మోనియా వాసన కొడుతుంది, కాస్త ఘాటు తగిలినా వెనక్కి పంపెయ్యండి. పులుసు సంగతి వేరు. దించాక రెండు మూడు గంటలు ఊరితే గానీ ముక్కకి పులుపు పట్టదు. పదకొండింటికి దించిన పులుసు రెండింటికి తింటే దాని రుచి దానిది. అందుకే పులుసు తినేవాళ్ళు పన్నెండింటికే పరిగెత్తక్కర్లేదు, వేపుడు తినేవాళ్ళు మాత్రం నూనె పాతబడక ముందు, అంటే పన్నెండున్నరకల్లా కూర్చోవాలి.

వారం కూడా చూసుకోండి. శనివారం వెంకన్నకి మొక్కుకున్న ఇళ్ళు నీచు తినవు కాబట్టి చేపల హోటళ్ళు ఖాళీగా ఉంటాయి, తీరిగ్గా వండి పెడతారు. ఆదివారం మధ్యాహ్నం ఊరంతా అక్కడే ఉంటుంది, టేబుల్ దొరికేసరికి గంట పడుతుంది. మూడు రోజుల్లో శనివారం కలిస్తే చేపల భోజనం ఆ రోజుకి పెట్టుకోండి.

పొద్దుట టిఫిన్‌కి బీచ్ రోడ్డు వదిలేసి ఊళ్ళోకి రండి. ద్వారకానగర్, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల, జగదాంబ జంక్షన్ వైపు టిఫిన్లు బాగుంటాయి. సాయిరాం పార్లర్ పేరు ఎవర్ని అడిగినా చెప్తారు, పెద్దవాళ్ళతో కూర్చుని తినడానికి అనువైన చోటు. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్యలో వెళ్ళండి. ఎందుకంటే కొబ్బరి చట్నీ తెల్లవారుజామున నూరుతారు, విశాఖ ఉక్కపోతకి పదకొండింటికల్లా పులుపు వాసన మొదలవుతుంది. ఆలస్యమైతే కొబ్బరి చట్నీ వదిలి అల్లం పచ్చడి వేయించుకోండి. చింతపండు, బెల్లం ఉంటాయి కాబట్టి చెడదు.

పెసరట్టు కూడా పెందలాడే తినాలి. పెసరపిండి పులియబెట్టేది కాదు, పులిసిందంటే పాడైనట్టే. మంచి పెసరట్టు పచ్చగా, అంచు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా ఉండాలి, పైన సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర కనపడాలి. లోపల ఉప్మా పెట్టించుకుంటే ఒకటే ఇద్దరు పెద్దవాళ్ళకి సరిపోతుంది. పూరీ, ఇడ్లీలతో బొంబాయి చట్నీ ఇస్తారు. శనగపిండి నీళ్ళలో కలిపి ఉల్లి, పచ్చిమిర్చి తాలింపులో ఉడికించినది. వేడిగా ఉన్నంతసేపే దాని బతుకు, చల్లారితే ముద్ద కడుతుంది. చిన్న చిన్న పాక హోటళ్ళలో మినపరొట్టి దొరికితే వదలకండి. దిబ్బరొట్టె అని కూడా అంటారు. మినప్పిండిలో ఇడ్లీ రవ్వ కలిపి, మూకుడులో నూనె పోసి, మందంగా పరిచి, మూతపెట్టి సన్నసెగ మీద కాలుస్తారు. అడుగు ఎర్రగా, పెళుసుగా వచ్చి, లోపల దూదిలా ఉడకడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. కూర్చోగానే ముందు దాన్ని చెప్పి, ఆ తర్వాత ఇడ్లీ తింటూ ఆగండి. ఐదు నిమిషాల్లో వచ్చిందంటే ఎప్పుడో కాల్చి మళ్ళీ వేడి చేసినదే.

అమ్మగారు, నాన్నగారి భోజనానికి జగదాంబ దగ్గర సూర్యాబాగ్‌లోని దస్పల్లా, డాబా గార్డెన్స్‌లోని డాల్ఫిన్ ఉన్నాయి. ఏళ్ళ తరబడి నడుస్తున్న హోటళ్ళు, ఏసీ ఉంటుంది, మీరు చేపా వాళ్ళు పప్పూ ఒకే చోట తినాలనుకున్న రోజు వీటికి వెళ్ళడం మేలు. వంటిల్లు వేరుగా ఉండాలన్న పట్టింపు పెద్దవాళ్ళకి ఉంటే ముందే అడిగి తెలుసుకోండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, తినడం మొదలెట్టాక తెలిస్తే వాళ్ళకి ముద్ద దిగదు. ఫుల్ మీల్స్ అంటే అన్నం, కూరలు మళ్ళీ వడ్డిస్తారు. ప్లేట్ మీల్స్ అంటే ఒకసారే. మామిడికాయ పప్పు మేలో తప్పక ఉంటుంది.

ఇక్కడి సొంత రుచి బెల్లం పులుసు. ముల్లంగి, ఆనపకాయ, బెండకాయ, ఉల్లిపాయలు ఉడికించి, చింతపండు రసం, బెల్లం, చిక్కదనానికి బియ్యప్పిండి నీళ్ళు పోసి, మెంతులు, ఇంగువతో తాలింపు పెడతారు. సాంబారు అనుకుని తిన్నవాళ్ళు తీపికి ఉలిక్కిపడతారు. ముద్దపప్పులో కలుపుకుని తింటే దాని సంగతి తెలుస్తుంది. పెద్ద హోటళ్ళలో రోజూ ఉండదు, మెస్సుల్లోనూ కర్రీ పాయింట్లలోనూ దొరుకుతుంది. మీ గదికి దగ్గర్లో కర్రీ పాయింటు చూసి పెట్టుకోండి, ఎండకి పెద్దవాళ్ళు బయటికి రాలేని మధ్యాహ్నం బాగా అక్కరకొస్తుంది. పన్నెండున్నర లోపు తెచ్చుకోవాలి. ప్లాస్టిక్ సంచుల్లో వేడివేడి పులుసు పోయించుకోకుండా స్టీలు డబ్బా పట్టుకెళ్ళండి. గ్రేవీ కూరలు మేలు, పొద్దున వేయించిన వేపుళ్ళు మధ్యాహ్నానికి మెత్తబడిపోతాయి.

ఒక పూట సింహాచలం పెట్టుకోండి. బీచ్ నుంచి కొండకి 15 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున్నే దర్శనం చేసుకుంటే అక్కడి అన్నప్రసాదమే భోజనం అవుతుంది. పులిహోర, లడ్డు ప్రసాదం కౌంటర్లో దొరుకుతాయి. ఆ వేడికి పులిహోర సాయంత్రం దాకా ఉంచొద్దు, చింతపండు పులుపు కాపాడుతుందని అనుకుంటారు గానీ మేలో ఆరేడు గంటలకే జిగురొస్తుంది. డబ్బు చూసుకోవాల్సిన వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఊళ్ళో అన్న క్యాంటీన్లు ఉన్నాయి, పూటకి 5 రూపాయలు. టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి వేళల్లో వేడిగా పెడతారు, ఆలస్యమైతే అయిపోతుంది.

ఇక సముద్రం చూస్తూ తినాలన్న కోరిక. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి పుట్టి ఊరి వెనక కొండల్లోకి దిగుతాడు. గోవా ఫొటోలు చూసి సూర్యాస్తమయం విందుకని టెర్రస్ టేబుల్ పట్టినవాళ్ళకి నిరాశే మిగులుతుంది. మేలో ఏడు కాకముందే చీకటి. ఆ తర్వాత సముద్రం చప్పుడే గానీ రూపం ఉండదు. మధ్యాహ్నం నాలుగు దాకా టెర్రస్ నేల కాలుతూనే ఉంటుంది. కాబట్టి మీకు దొరికేది ఐదుంపావు నుంచి ఆరుంపావు దాకా ఉన్న గంట. నీడ సముద్రం వైపు పడుతుంది, గాలి తిరుగుతుంది, అలల మీద వెలుగు ఇంకా ఉంటుంది. ఆ గంటలో కాఫీ, పకోడీ లాంటివి తీసుకోండి. పూర్తి భోజనం చెప్పకండి, వంటవాళ్ళు రాత్రికి తయారవుతున్న సమయం అది, ఆలస్యం చేస్తారు. బీచ్ రోడ్డు మీద పెద్ద స్టార్ హోటళ్ళు కూడా ఉన్నాయి, గాజు తలుపు వెనక ఏసీలో కూర్చుని సముద్రం చూడాలంటే పెద్దవాళ్ళకి అదే సుఖం.

నన్నడిగితే ఆ వేళ ఇసుక మీదే గడపడం మేలు. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తినకుండా విశాఖ వచ్చామని చెప్పుకోవడానికి లేదు. బండివాడు స్టీలు గిన్నెలో రెండు గుప్పెళ్ళ మరమరాలు వేస్తాడు, ఉల్లి, టమాటా, కొత్తిమీర సన్నతరుగు, వేయించిన పల్లీలు, కాసిన్ని కార్న్‌ఫ్లేక్స్, ఉప్పూ కారం వేసి గరిటెతో టకటకా కలుపుతాడు. ఆఖర్న నిమ్మకాయ పిండి పేపరు పొట్లంలో పోస్తాడు. ఆ నిమ్మరసం పడ్డాక మీ చేతిలో ఐదు నిమిషాలే ఉన్నాయి. టమాటా తడీ, సముద్రపు గాలీ కలిసి మరమరాల్ని సాగదీసేస్తాయి. ఐదుగురికి ఒకేసారి కట్టించుకుని గదికి తీసుకెళ్దామనుకుంటే ముద్దే మిగులుతుంది. ఇద్దరిద్దరికి ఒక పొట్లం చొప్పున, నిలబడి, ఒకటయ్యాక ఒకటి కలిపించుకోండి. నాన్నగారికి కారం తగ్గించమంటే తగ్గిస్తాడు. వాళ్ళు గుడ్డు తినని వాళ్ళయితే గిన్నె మార్చమని అడగండి, అదే గిన్నెలో గుడ్డు మిక్చర్ కూడా కలుపుతుంటారు.

టమాటా బజ్జీ, మిరపకాయ బజ్జీ బండి దగ్గర నూనె రంగు చూడండి. టీ రంగులో ఉంటే పర్వాలేదు, నల్లగా ఉండి పైన నురగ కడుతుంటే ముందుకి నడవండి. మూకుడులోంచి తీసినవే తినాలి. పళ్ళెంలో సగం వేయించి పెట్టినవి మళ్ళీ నూనెలో ముంచి ఇస్తే నూనె పీల్చేసుకుని గుండెల్లో మంట. కాల్చిన మొక్కజొన్న పొత్తు నిశ్చింతగా తినొచ్చు, నిప్పుల మీంచి నేరుగా చేతికొస్తుంది. వేరుశనక్కాయల బుట్ట మీద నిప్పుల కుండ పెట్టుకుని తిరిగేవాళ్ళు కనిపిస్తే కొనండి. తాటి ముంజలు మేలో దొరుకుతాయి, మీ ముందు కాయ చెక్కి తీసినవే తీసుకోండి, ఒలిచి నీళ్ళలో వేసి ఉంచినవి వద్దు. పొద్దుటి పూట బండ్ల మీద చోడి అంబలి అమ్ముతారు, చోళ్ళంటే రాగులు. మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో ఎండకి అంతకన్నా మంచి మందు లేదు. ఐసు ముక్కలు వేసిన జ్యూసులు, ముందే కోసి పెట్టిన పళ్ళు మాత్రం ఈ నెలలో వద్దే వద్దు. దాహానికి కొబ్బరి బొండం, కాకపోతే గోలీ సోడా. ఈ బండ్లని అప్పుడప్పుడూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుపుతుంటారు, ఫలానా బండి అని వెతుక్కోకండి, జనం ఎక్కువ ఉండి సరుకు త్వరగా చెల్లిపోయే బండి చూసుకోండి.

బొంగు చికెన్ బోర్డులు బీచ్ రోడ్డులోనూ కనిపిస్తాయి. అసలు పద్ధతిలో పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె పొయ్యరు, బొంగులోని తడికే ఉడుకుతుంది. అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. బొంగు బయట మసిబారి, లోపల పచ్చి వాసన ఉండాలి. ఎండిపోయిన పాత బొంగులో కూర పోసి ఇస్తే అది ఉత్త కోడికూరే. అరకు వెళ్ళే ఆలోచన ఉంటే అక్కడే తినండి.

రాత్రికి పెద్దగా చెప్పేదేం లేదు. బిర్యానీ కావాలంటే జగదాంబ దగ్గర ఆల్ఫా ఉంది, ఊళ్ళో పాత పేరు. ఏ బిర్యానీ చోటైనా హండీ కొత్తగా తెరిచే వేళకి వెళ్ళండి, మధ్యాహ్నం పన్నెండున్నర, రాత్రి ఏడున్నర ప్రాంతం. పదింటికి అడుగు మెతుకులు, విరిగిన ముక్కలే. పెద్దవాళ్ళకి రాత్రి ఇడ్లీయో, పెరుగన్నమో చాలు, ఆ వేడిలో రెండు పూటలా మీల్స్ పెడితే మూడో రోజుకి పొట్ట మొరాయిస్తుంది.

డబ్బు దగ్గర తకరారు వచ్చేది చేపల బిల్లుతోనే. మెనూలో ధర ఉండాల్సిన చోట ఏపీఎస్ అని ఉంటే సైజుని బట్టి రేటు అని అర్థం. ఆర్డర్ చెప్పేముందు మూడు అడగండి: చేప బరువెంత, వంద గ్రాములకి రేటెంత, తూకం శుభ్రం చెయ్యక ముందుదా తర్వాతదా. కిలో చేపలో పొలుసు, పేగులు, మొప్పలు, తల పోతే మీ పళ్ళెంలోకి వచ్చేది ఆరేడు వందల గ్రాములు. మీ ముగ్గురికి వేపుడు ఒకటి, ఇగురు ఒకటి, పులుసు ఒకటి చెప్పుకుంటే కిలో లోపు చేప, పావుకిలో రొయ్యలు ధారాళంగా సరిపోతాయి. మామూలు రెస్టారెంటు బిల్లు మీద జీఎస్టీ 5 శాతం. ఖరీదైన గదులుండే స్టార్ హోటళ్ళలో 18 శాతం ఉంటుంది. సర్వీస్ ఛార్జీ అని విడిగా వేస్తే అది ఇవ్వడం మీ ఇష్టం, తీసెయ్యమంటే తీసెయ్యాలి.

ఊరికి పట్టుకెళ్ళడానికి మాడుగుల హల్వా. మాడుగుల ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, అయినా విశాఖ మిఠాయి దుకాణాల్లో దొరుకుతుంది. గోధుమలు నానబెట్టి, పాలు తీసి, పులియనిచ్చి, ఆ పాలని పాకంలో నెయ్యి పోస్తూ గంటల తరబడి కలిపి దించుతారు. జీడిపప్పు, బాదం దండిగా ఉంటాయి. మంచి హల్వా వేలితో నొక్కితే రబ్బరులా సాగకుండా, మెత్తగా దిగి, నెయ్యి చెమ్మ వేలికి అంటుతుంది. డాల్డా కలిస్తే నోట్లో అంగిలికి పూతలా అంటుకుంటుంది, కాబట్టి కొనేముందు చిన్న ముక్క రుచి అడగండి. రెండు వారాలు బయటే నిలవుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి గడ్డకట్టి తెల్లగా కనిపిస్తుంది, పాడైందనుకుని పారెయ్యకండి, కాసేపు బయట పెడితే సర్దుకుంటుంది.

ఎండుచేపలు కావాలంటే హార్బర్ దగ్గర దొరుకుతాయి. వేళ్ళ మధ్య విరిస్తే టప్పున విరగాలి, వంగితే తడి ఉన్నట్టు, దారిలో బూజు పడుతుంది. రైల్లో తీసుకెళ్ళేట్టయితే పేపర్లో చుట్టి, రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టి, మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో పెట్టండి. హల్వా మాత్రం వేరే సంచిలో ఉండాలి.